బతుకు కాలానికి తూకం: డయాలసిస్ చరిత్రలో చికిత్సా విలువ కొలమానం

వ్యాససంగ్రహం:
ఒక చికిత్సకు పెట్టిన ఖర్చు, దానివల్ల రోగికి కలిగిన మేలుకు తగినదేనా అన్న ప్రశ్నకు అంకెలలో సమాధానం చెప్పే ప్రయత్నం ఇరవయ్యో శతాబ్ది ఉత్తరార్ధంలో రూపుదిద్దుకొంది. మూత్రపిండాల వైఫల్యానికి చేసే డయాలసిస్ ఆ ప్రయత్నంలో మొదటినుంచీ ప్రముఖ ఉదాహరణగా ఉంటూ వచ్చింది. 1962 నాటి సియాటిల్ ఎంపిక సంఘం, 1968లో క్లార్మన్ బృందం వేసిన లెక్క, 1972 నాటి అమెరికా చట్టం, 1985లో ఆలన్ విలియమ్స్ ప్రకటించిన పట్టిక, 2008లో థాయిలాండ్ తీసుకొన్న నిర్ణయం అనే అయిదు ఘట్టాల ఆధారంగా ఆ కొలమానం పుట్టుపూర్వోత్తరాలను పరిశీలించడం, శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతానికి ఆ చరిత్రతో ఉన్న సంబంధాన్ని వివేచించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: డయాలసిస్, వ్యయసార్థకత, క్వాలీ, రోగి విలువ, ఆరోగ్య విధానం, ఉద్దానం.

1. ఉపోద్ఘాతం:

వైద్యానికి ధర ఉంటుందన్నది పాత మాటే. కానీ వైద్యంవల్ల కలిగే ప్రయోజనానికి కొలత ఉంటుందన్నది కొత్త ఆలోచన. మందు గుణమిచ్చిందా లేదా అన్నది వైద్యుడి ప్రశ్న. ఆ గుణం ఎంతకాలం నిలిచింది, ఆ కాలంలో రోగి ఎలా బతికాడు, అదే సొమ్ముతో మరొకరికి ఇంకేమి చేయగలిగేవారు అన్నవి సమాజం వేసుకోవలసిన ప్రశ్నలు. ఈ రెండో తరగతి ప్రశ్నలకు క్రమబద్ధమైన సమాధానం వెతికే శాస్త్రభాగాన్ని వ్యయసార్థకతా విశ్లేషణ అంటున్నాం.

ఈ విశ్లేషణను చాలా గ్రంథాలు ఒక గణిత సాధనంగా బోధిస్తాయి. చారిత్రక దృష్టితో చూసినప్పుడు అది కేవలం గణితం కాదని స్పష్టమవుతుంది. ఒక యంత్రం కొందరిని మాత్రమే బతికించగలిగిన సమయంలో, ఆ కొందరు ఎవరన్న సంకటంనుంచి బయటపడే దారుల్లో ఒకటిగా ఈ కొలమానం ఎదిగింది. కాబట్టి దాని బలం, బలహీనత రెండూ ఆ చరిత్రలోనే కనిపిస్తాయి.

2. యంత్రం వచ్చింది, చాలలేదు:

నెదర్లాండ్స్‌లోని కాంపెన్ పట్టణంలో విల్లెం కోల్ఫ్ 1943లో తిరిగే పీపా ఆకారంలో కృత్రిమ మూత్రపిండాన్ని తయారుచేశాడు. అది తాత్కాలికంగా దెబ్బతిన్న మూత్రపిండాలు తిరిగి కోలుకొనేదాకా రోగిని నిలబెట్టడానికి పనికివచ్చేది. మూత్రపిండాలు శాశ్వతంగా చెడిపోయినవారికి దానివల్ల ఉపయోగం ఉండేది కాదు. ప్రతిసారీ కొత్తగా రక్తనాళాన్ని తెరవవలసి రావడమే అందుకు కారణం. కొన్నిసార్లు చేసేసరికి తెరవడానికి నాళాలు మిగిలేవి కావు.

1960లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయ వైద్యుడు బెల్డింగ్ స్క్రిబ్నర్ ఈ అడ్డంకిని తొలగించాడు. ముంజేతిలోని ధమనిని, సిరను టెఫ్లాన్ గొట్టంతో కలిపి, ఆ గొట్టాన్ని శాశ్వతంగా ఉంచేశాడు. దానితో వారం వారం డయాలసిస్ చేయడం సాధ్యమైంది. కొద్ది వారాలలో మరణించవలసిన తొలి రోగి మరో పదేళ్లకు పైగా జీవించాడు. అంతకుముందు ఖాయంగా చంపే జబ్బు, జీవితాంతం ఖర్చుతో భరించవలసిన జబ్బుగా మారింది. వైద్యచరిత్రలో ఇది పెద్ద మలుపు. వ్యాధి నయం కాదు, చికిత్స ఆగదు, ఆపితే మరణం తప్పదు. ఖర్చు, కాలం, బతుకు ఈ మూడూ ఇంత విడదీయరానంతగా ముడిపడిన చికిత్స అంతకుముందు అరుదు.

1962లో సియాటిల్‌లో కృత్రిమ మూత్రపిండ కేంద్రం ప్రారంభమైనప్పుడు దానికి తట్టుకొనే శక్తికన్నా రోగులు ఎన్నోరెట్లు ఎక్కువ. వైద్యపరంగా అర్హులైనవారిలోనుంచి కొందరిని ఎంచడానికి ఏడుగురు సభ్యుల సంఘాన్ని నియమించారు. ఒక న్యాయవాది, ఒక మతాచార్యుడు, ఒక బ్యాంకరు, ఒక గృహిణి, ఒక ప్రభుత్వోద్యోగి, ఒక కార్మిక నాయకుడు, ఒక శస్త్రవైద్యుడు అందులో ఉన్నారు. వారి పేర్లు రహస్యంగా ఉంచారు. వయస్సు, వివాహం, ఆధారపడిన పిల్లల సంఖ్య, ఆదాయం, విద్య, వృత్తి, మానసిక స్థైర్యం వంటి అంశాలను వారు పరిగణించారు. 1962 నవంబరులో లైఫ్ పత్రికలో షానా అలెగ్జాండర్ రాసిన వ్యాసం ఈ సంఘాన్ని దేశం దృష్టికి తెచ్చింది. సంఘ సభ్యులు తమ మధ్యతరగతి విలువలకు సరిపోయిన వారినే ఎంచుతున్నారన్న విమర్శ తీవ్రంగా వచ్చింది.

ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటుంది. సియాటిల్ సంఘం కొలిచింది చికిత్సను కాదు, మనిషిని. ఆ మనిషి సమాజానికి ఎంత విలువైనవాడన్నదే వారి ముందున్న ప్రశ్న. ఆ ప్రశ్న కలిగించిన ఇబ్బందినుంచి తప్పుకొనే మార్గాన్ని ఆర్థికవేత్తలు మరో ప్రశ్నలో చూపించారు.

3. క్లార్మన్ లెక్క – ఒకటింబావు సంవత్సరం:

అమెరికా ప్రభుత్వ బడ్జెట్ కార్యాలయం కోరికపై కార్ల్ గాట్‌షాక్ అధ్యక్షతన ఏర్పడిన సంఘం 1967లో నివేదిక సమర్పించింది. దీర్ఘకాలిక మూత్రపిండ వైఫల్యానికి దేశవ్యాప్త చికిత్సా కార్యక్రమం ఉండాలన్నది ఆ సంఘం అభిప్రాయం. ఆ నేపథ్యంలో హెర్బర్ట్ క్లార్మన్, ఇద్దరు సహచరులతో కలిసి 1968లో ఒక అధ్యయనాన్ని ప్రచురించాడు. ఎవరికి చికిత్స చేయాలని వారు అడగలేదు. ఏ చికిత్సతో ఎంత ఖర్చుకు ఎంత బతుకు దక్కుతుందని అడిగారు.

వారి అంచనాలు ఇలా ఉన్నాయి. కేంద్రంలో చేసే డయాలసిస్‌కు ఒక రోగికి మొత్తం 1,04,000 డాలర్లు ఖర్చవుతుంది, 9 సంవత్సరాల జీవితం దక్కుతుంది. అంటే సంవత్సరానికి సుమారు 11,600 డాలర్లు. ఇంట్లో చేసుకొనే డయాలసిస్‌కు 38,000 డాలర్లతో అదే 9 సంవత్సరాలు, అంటే సంవత్సరానికి సుమారు 4,200 డాలర్లు. మూత్రపిండ మార్పిడికి 44,500 డాలర్లతో 17.2 సంవత్సరాలు, అంటే సంవత్సరానికి సుమారు 2,600 డాలర్లు.

ఇంతవరకు ఇది ఆయుష్షు లెక్క మాత్రమే. వారు ఇంకొక అడుగు ముందుకు వేశారు. యంత్రానికి అంటిపెట్టుకొని గడిపే ఏడాది, కొత్త మూత్రపిండంతో స్వేచ్ఛగా గడిపే ఏడాది ఒకటి కావని భావించి, మార్పిడి తర్వాతి ఏడాదికి డయాలసిస్ ఏడాదికన్నా పావువంతు ఎక్కువ, అంటే 1.25 విలువ ఇచ్చారు. దానితో 17.2 సంవత్సరాలు 20.5 సంవత్సరాలతో సమానమయ్యాయి. సంవత్సరానికి ఖర్చు సుమారు 2,200 డాలర్లకు తగ్గింది.

ఈ 1.25 అన్న అంకె ఎక్కడినుంచి వచ్చింది? రోగులను అడిగి రాబట్టినది కాదు. పరిశోధకులు సబబని తోచి నిర్ణయించుకొన్నది. ఫలితాన్ని అది తలకిందులు చేయలేదు. మార్పిడి ఎలాగూ ముందే ఉంది. అయినా చరిత్రలో దాని స్థానం ప్రధానమైనది. చికిత్సల బేరీజులో బతికిన కాలంతోపాటు బతికిన తీరును కూడా అంకెగా చేర్చిన తొలి ప్రయత్నాలలో ఇది ఒకటి. సియాటిల్‌లో ఏడుగురి మనసుల్లో దాగిన విలువ నిర్ణయం ఇక్కడ ఒక దశాంశ స్థానంలోకి చేరింది. నిర్ణయం మాయం కాలేదు. అందరికీ కనబడే చోటికి వచ్చింది. కనబడింది కాబట్టే దాన్ని ప్రశ్నించడం సాధ్యమైంది.

4. చట్టం ఒక దారి, లెక్క ఒక దారి:

క్లార్మన్ లెక్క మార్పిడిని, ఇంటి డయాలసిస్‌ను సమర్థించింది. రాజకీయం మాత్రం లెక్కకోసం ఆగలేదు. 1971 నవంబరులో అమెరికా ప్రతినిధుల సభా సంఘం ముందు ఒక రోగికి డయాలసిస్ చేసి చూపించారు. 1972 అక్టోబరు 30న సంతకమైన చట్టం, వయస్సుతో నిమిత్తం లేకుండా దాదాపు అందరు మూత్రపిండ రోగులకు మెడికేర్ ద్వారా చికిత్స కల్పించింది. ఒకే ఒక వ్యాధికి ఇలా ప్రభుత్వ భరోసా దక్కడం ఆ దేశంలో అపూర్వం. కళ్లెదుట ఉన్న మనిషిని చనిపోనివ్వలేమన్న భావన, గణాంకాల్లో మాత్రమే ఉన్న మనుషులమీద గెలిచిందని దీన్ని అర్థం చేసుకోవచ్చు.

బ్రిటన్‌లో పరిస్థితి వేరు. జాతీయ ఆరోగ్య సేవకు నిర్ణీతమైన బడ్జెట్ ఉంది. అక్కడ సంఘమూ లేదు, చట్టమూ లేదు. హెన్రీ ఆరన్, విలియం ష్వార్ట్జ్ 1984లో ప్రచురించిన అధ్యయనం చూపినట్లు, వయసు మీరిన రోగులను డయాలసిస్‌కు పంపకుండానే స్థానిక వైద్యులు నిలిపివేసేవారు. చేయగలిగింది ఏమీ లేదన్న మాట రోగికి వైద్యసత్యంగా వినబడేది. నిజానికి అది బడ్జెట్ సత్యం. కొలమానం లేనిచోట కోత లేదనుకోవడం పొరపాటని ఈ ఉదాహరణ నిరూపిస్తుంది. అక్కడ కోత ఉంది, కానీ దానికి పేరు లేదు.

5. క్వాలీ ఆవిర్భావం:

1970లలో ఈ ఆలోచనకు సైద్ధాంతిక పునాది ఏర్పడింది. ఫాన్‌షెల్, బుష్ 1970లో ఆరోగ్యస్థితి సూచికను ప్రతిపాదించారు. కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయానికి చెందిన జార్జ్ టోరెన్స్ ఆరోగ్యస్థితులకు విలువ కట్టే పద్ధతులను రూపొందించాడు. వాటిలో కాల వినిమయ పద్ధతి సులభంగా అర్థమయ్యేది. ఈ జబ్బుతో పదేళ్లు బతకడం, పూర్తి ఆరోగ్యంతో అంతకన్నా తక్కువకాలం బతకడం, వీటిలో ఏది కోరుకొంటారని అడుగుతారు. పూర్తి ఆరోగ్యంతో ఏడేళ్లయితే రెండూ ఒకటేనని ఒకరు అంటే, ఆ జబ్బుతో గడిపే ఏడాదికి ఆ వ్యక్తి ఇచ్చిన విలువ 0.7. పూర్తి ఆరోగ్యం 1, మరణం 0. ఈ విలువతో సంవత్సరాలను గుణిస్తే వచ్చేదే గుణసమన్విత జీవితవర్షం. క్వాలీ అనే సంక్షిప్త నామంతో అది ప్రసిద్ధమైంది. 1976లో జెక్‌హౌజర్, షెపర్డ్ ఈ పదబంధాన్ని వాడారు. 1977లో వైన్‌స్టీన్, స్టాసన్ రాసిన వ్యాసంతో అది వైద్యలోకానికి పరిచయమైంది.

క్లార్మన్ సొంతంగా నిర్ణయించుకొన్న అంకెను ఇప్పుడు మనుషులను అడిగి రాబట్టే వీలు కలిగింది. వెంటనే మరో చిక్కు ఎదురైంది. ఎవరిని అడగాలి? 1978లో సాకెట్, టోరెన్స్ ప్రచురించిన అధ్యయనంలో, డయాలసిస్ జీవితానికి సాధారణ ప్రజలు ఇచ్చిన విలువకన్నా డయాలసిస్ చేయించుకొంటున్న రోగులు ఇచ్చిన విలువ ఎక్కువగా ఉంది. ఒడ్డున ఉన్నవాడికి భరించలేనిదిగా తోచిన బతుకును, దిగినవాడు అలవాటు చేసుకొన్నాడు. ప్రజల అంకె తీసుకొంటే, రోగి ప్రాణం నిలిపే చికిత్సకు విలువ తగ్గుతుంది. రోగి అంకె తీసుకొంటే, జబ్బునుంచి పూర్తిగా విడిపించే చికిత్సకు విలువ తగ్గుతుంది. ఎందుకంటే రోగి తన స్థితిని ఇప్పటికే మెరుగైనదిగా చూస్తున్నాడు. ఈ వైరుధ్యానికి గణిత పరిష్కారం లేదు. ఎవరి గొంతు వినాలన్నది రాజకీయ నిర్ణయం.

6. విలియమ్స్ పట్టిక, తర్వాతి పరిణామాలు:

యార్క్ విశ్వవిద్యాలయ ఆర్థికవేత్త ఆలన్ విలియమ్స్ 1985లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో గుండె బైపాస్ శస్త్రచికిత్సపై రాసిన వ్యాసంలో, వేర్వేరు చికిత్సలతో ఒక క్వాలీ సంపాదించడానికి అయ్యే ఖర్చును పోల్చాడు. పేస్‌మేకర్‌కు 700 పౌండ్లు, తుంటి కీలు మార్పిడికి 750, తీవ్రమైన గుండెనొప్పితో ప్రధాన ధమని మూసుకుపోయినవారికి బైపాస్ 1,040, మూత్రపిండ మార్పిడికి 3,000, గుండె మార్పిడికి 5,000, ఇంటి డయాలసిస్‌కు 11,000, ఆసుపత్రి డయాలసిస్‌కు 14,000 పౌండ్లు. ఆసుపత్రి డయాలసిస్‌తో ఒక క్వాలీ దక్కే సొమ్ముతో తుంటి మార్పిడి ద్వారా 18కి పైగా క్వాలీలు దక్కుతాయన్న మాట.

ఈ పట్టిక కింద ఉన్న పునాదిని గమనించాలి. అందులో వాడిన జీవనగుణ విలువలు రేచల్ రోసర్, పాల్ కైండ్ 1978లో ప్రచురించినవి. అవి కేవలం 70 మందిని అడిగి రాబట్టినవి. నీతిశాస్త్రవేత్త జాన్ హారిస్ 1987లో లేవనెత్తిన అభ్యంతరం ఇంకా లోతైనది. క్వాలీ లెక్కలో వృద్ధులకు మిగిలిన ఏళ్లు తక్కువ కాబట్టి వారికి పోటీలో చోటు తక్కువ. అప్పటికే వైకల్యంతో ఉన్నవారి ఏడాది తక్కువ తూగుతుంది కాబట్టి దురదృష్టం వారిని రెండుసార్లు శిక్షిస్తుంది. ఈ విమర్శ గ్రంథాలకే పరిమితం కాలేదు. ఆరెగాన్ రాష్ట్రం పేదల వైద్యానికి ప్రాధాన్య క్రమం తయారుచేసినప్పుడు, 1990 నాటి తొలి జాబితాలో పంటి తొడుగు వంటివి అపెండిక్స్ శస్త్రచికిత్సకన్నా పైన నిలిచి నవ్వులపాలయ్యాయి. సవరించిన ప్రణాళికను సైతం వికలాంగుల హక్కుల చట్టానికి విరుద్ధమంటూ కేంద్ర ప్రభుత్వం 1992లో తిరస్కరించింది. మళ్లీ సవరించాక 1993లో అనుమతి లభించింది.

బ్రిటన్ ఇందుకు భిన్నమైన మార్గం తొక్కింది. 1999లో ఏర్పడిన నైస్ అనే జాతీయ సంస్థ, క్వాలీకి 20,000 నుంచి 30,000 పౌండ్ల వరకు గల పరిధిని మార్గదర్శిగా చాలాకాలం పాటించింది. రోగి తన స్థితిని తానే వర్ణిస్తాడు. ఆ స్థితికి విలువ ప్రజలనుంచి సేకరించిన అంకెలు నిర్ణయిస్తాయి. సాకెట్, టోరెన్స్ ఎదుర్కొన్న చిక్కుకు ఇది ఒక రాజీమార్గం. అమెరికాలో మాత్రం 2010 ఆరోగ్య చట్టం, కొత్తగా ఏర్పరచిన పరిశోధనా సంస్థ క్వాలీకి ఇంత డాలర్లన్న పరిమితిని గీటురాయిగా వాడడాన్ని నిషేధించింది.

డయాలసిస్ ఈ పద్ధతికి లోపలినుంచే ఒక సవాలు విసిరింది. డయాలసిస్ రోగి ఆయుష్షును పెంచే కొత్త మందు ఒకటి వచ్చిందనుకొందాం. ఆ పెరిగిన ఏళ్లలో డయాలసిస్ ఖర్చు కూడా మందు ఖాతాలోనే పడుతుంది. అది ఎలాగూ పరిమితిని మించిన ఖర్చు కాబట్టి, మందును ఉచితంగా ఇచ్చినా గిట్టుబాటు కాదని లెక్క తేలవచ్చు. సమాజం ఒకసారి బతికించాలని నిర్ణయించిన మనిషిని, లెక్క మళ్లీ అదే ప్రశ్న ముందు నిలబెడుతోంది.

7. థాయిలాండ్ అనుభవం:

పరిమిత వనరులున్న ఆసియా దేశం ఈ సంకటాన్ని ఎలా ఎదుర్కొందో థాయిలాండ్ చెబుతుంది. 2002లో సార్వత్రిక ఆరోగ్యపథకం మొదలైనప్పుడు ఖర్చు కారణంగా డయాలసిస్‌ను అందులో చేర్చలేదు. 2007లో వెలువడిన విశ్లేషణ ప్రకారం రక్త డయాలసిస్, ఉదరకుహర డయాలసిస్ రెండూ ఆ దేశ ప్రమాణాలకు గిట్టుబాటు కావు. రెండింటిలో ఉదరకుహర పద్ధతి కొంత మేలు. అయినా డయాలసిస్ కుటుంబాలను అప్పులపాలు చేస్తోందన్న వాస్తవాన్ని పరిగణించి, 2008లో ఉదరకుహర డయాలసిస్‌కు తొలి ప్రాధాన్యమిస్తూ పథకంలో చేర్చారు. 2022లో పద్ధతిని ఎంచుకొనే స్వేచ్ఛను రోగికి ఇచ్చారు.

ఇక్కడ లెక్కను ధిక్కరించారని అనడం సరికాదు. లెక్క రెండు పనులు చేసింది. ఏ పద్ధతి చౌకో చెప్పింది. కాదన్నదాన్ని అవునన్నందుకు సమాజం ఎంత చెల్లిస్తోందో కూడా చెప్పింది. కుటుంబం చితికిపోకుండా కాపాడడం అనే విలువ క్వాలీలో ఇమడదు. దాన్ని విడిగా తూచారు.

8. ఉద్దానం – మన ముందున్న ప్రశ్న:

ఉద్యానవనాన్ని తలపించే కొబ్బరి, జీడిమామిడి తోటలతో నిండిన శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతం, కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాలలో దశాబ్దాలుగా దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధితో బాధపడుతోంది. పలు అధ్యయనాలు జరిగినా నిర్దిష్టమైన కారణం ఇదని తేలలేదు. 2007 ఏప్రిల్ 1న ఆరోగ్యశ్రీ పథకం తొలిదశలో ప్రారంభమైన మూడు జిల్లాలలో మహబూబ్‌నగర్, అనంతపురంతోపాటు శ్రీకాకుళం కూడా ఉంది. జాతీయ స్థాయిలో 2016-17 బడ్జెట్‌లో డయాలసిస్ కార్యక్రమాన్ని ప్రకటించారు. పలాసలో 200 పడకల ఆసుపత్రి, మూత్రపిండ పరిశోధన కేంద్రం 2023 డిసెంబరులో ప్రారంభమయ్యాయి. ఉపరితల జలాలను తాగునీటిగా అందించే పథకం కూడా వచ్చింది. వ్యాధి నివారణ, ప్రాణం నిలిపే చికిత్స, కారణాన్వేషణ ఈ మూడూ ఒకే ప్రాంతంలో ఒకే ఖజానానుంచి నిధులు కోరుతున్నాయి.

క్లార్మన్ అడిగిన ప్రశ్న ఇక్కడ సజీవంగా ఉంది. కానీ దాన్ని యథాతథంగా అడిగితే చాలదు. డయాలసిస్ ఉచితమైనా, వారానికి రెండు మూడుసార్లు కేంద్రానికి వెళ్లిరావడం, ఒక్కొక్కసారి సుమారు నాలుగు గంటలు యంత్రం పక్కన గడపడం, వెంట వచ్చినవారి కూలి పోవడం రోగి ఇంటి ఖాతాలో పడే ఖర్చులు. ప్యాకేజీ ధరలో ఇవి కనిపించవు. ఎన్ని డయాలసిస్‌లు జరిగాయన్నది పనికి లెక్క; రోగి ఎంతకాలం, ఎలా బతికాడన్నది ఫలితానికి లెక్క. మొదటిది బిల్లులోనే దొరుకుతుంది. రెండోది రోగిని అడిగితేనే దొరుకుతుంది.

ఈ దిశగా దేశంలో కొంత పునాది పడింది. ఆరోగ్య పరిశోధన విభాగం కింద 2017లో ఆరోగ్య సాంకేతికతల మదింపు వ్యవస్థ ఏర్పడింది. జీవనగుణాన్ని కొలిచే ప్రశ్నావళికి భారతీయుల విలువలతో కూడిన అంకెల పట్టిక 2022లో ప్రచురితమైంది. ఇంగ్లండు ప్రజల ఇష్టాయిష్టాలతో మన రోగి బతుకును తూచవలసిన అవసరం తగ్గింది. అయితే దేశపు సగటు ఉద్దానం రైతుకూలీ మాటకు ప్రత్యామ్నాయం కాదు. నీరసం, నోటి దాహానికి అదుపు, ఎండలో పని చేయలేకపోవడం, ఇంట్లో మరొకరికి కూడా ఈ జబ్బు వస్తుందేమోనన్న బెంగ, వీటిని ఆ ప్రాంతపు మాటల్లోనే అడిగి నమోదు చేసే పరిశోధన తెలుగు విశ్వవిద్యాలయాల పరిధిలోని పని.

9. ముగింపు:

ఈ పరిశీలన ద్వారా తేలిన అంశాలు:

1. చికిత్సల విలువను కొలిచే పద్ధతి కొరతనుంచి పుట్టింది. కొలమానం కొరతను సృష్టించలేదు. బ్రిటన్ ఉదాహరణ చూపినట్లు, కొలమానం లేనప్పుడు కొరత మౌనంగా పనిచేస్తుంది.

2. సియాటిల్ సంఘంనుంచి క్వాలీ వరకు జరిగిన ప్రయాణంలో మనిషిని తూచడం పోయి చికిత్సను తూచడం వచ్చింది. ఇది నైతికంగా ముందడుగు. కానీ హారిస్ గుర్తించినట్లు, వయస్సు, వైకల్యం లెక్కలోకి దొడ్డిదారిన తిరిగి ప్రవేశించాయి.

3. విలువ నిర్ణయం ఏ దశలోనూ తొలగిపోలేదు. ఏడుగురి నుంచి పరిశోధకులకు, వారి నుంచి 70 మందికి, వారి నుంచి ప్రజా నమూనాకు అది చేతులు మారింది. ప్రతి మార్పుతోనూ దాన్ని ప్రశ్నించగల వారి సంఖ్య పెరిగింది.

4. అమెరికా చట్టం, థాయిలాండ్ నిర్ణయం రెండూ లెక్క కాదన్న దానికి అవునన్నవే. మొదటిది లెక్కను పక్కనపెట్టింది. రెండోది లెక్కను చదివి, దాని ధర తెలిసి, అవునంది. ప్రజాస్వామ్యంలో రెండో పద్ధతి మేలైనది.

5. ఉద్దానంలో డయాలసిస్ గిట్టుబాటు అవుతుందా అన్నది తొలి ప్రశ్న కాకూడదు. అక్కడి ప్రాణాలను నిలపాలన్న నిర్ణయం సమాజం ఇప్పటికే తీసుకొంది. నీటికి, వ్యాధిని ముందే గుర్తించడానికి, ఇంటిదగ్గర చికిత్సకు, మార్పిడికి నిధులను ఏ పాళ్లలో పంచితే ఆ ప్రజలకు ఎక్కువ మంచి రోజులు దక్కుతాయన్నదే ప్రశ్న. దానికి సమాధానం చెప్పడానికి అవసరమైన అంకెలలో సగం ఖజానా దగ్గర ఉన్నాయి. మిగతా సగం రోగుల దగ్గర ఉన్నాయి. వాటిని సేకరించడం ఇంకా మిగిలి ఉంది.